పైసల కన్నా ముందు కాయితం చేతికి రావాలె

మాది జగిత్యాల పక్క పల్లె. 2009ల మొదటిసారి దుబాయి పోయిన, విజిట్ వీసా మీద. "ఆడికి పోంగనే కంపెనీ వీసా కొట్టిస్త" అన్నడు ఊరి ఏజెంట్. 80 వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఇచ్చిన. అక్కడి సోనాపూర్ కూలీల క్యాంపుల మా ఊరోళ్ల మంచాల నడుమ రెండు నెలలు నేల మీద పండుకున్న. పని దొరకలే, వాపస్ వచ్చిన. నెలకు 2,400 మిత్తి మాత్రం ఆగలే. రెండోసారి ఇంటికాడ ఉండంగనే పని ఖాయం చేసుకొని పోయిన. షట్టరింగ్ కార్పెంటర్‌గ పదకొండేండ్లు చేసి వచ్చిన. ఇప్పుడు ఊరి పిల్లలు ఫోన్ల వీసా ఫోటో పట్టుకొని నా దగ్గరికి వస్తరు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్న.

మొదలు మీ పాస్‌పోర్ట్ చూసుకోండి. పది పాసు కానోళ్లది ఎక్కువగ ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉంటది, అంటే పనికి పోయే ముందు సర్కారు చెక్ చేయాల్సిన పాస్‌పోర్ట్. దాని మీద దుబాయి ఉన్న యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే సర్కారు ఆఫీసర్ ఇచ్చే క్లియరెన్స్ ఉండాలె. అది తప్పించుకునేటందుకే ఏజెంట్లు విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తరు. కానీ ఆ క్లియరెన్స్ మనల్ని కాపాడేది. అది కావాలంటే కంపెనీ పేరు, జీతం, కాంట్రాక్ట్ అన్నీ సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌ల ఎక్కాలె. ప్రవాసీ భారతీయ బీమా కూడా అప్పుడే తీసుకోవాలె: రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదంల పోతే ఇంటోళ్లకు 10 లక్షలు. 30 ఏండ్లు నిండని ఆడపిల్లలకు ఈసీఆర్ మీద ఈ దేశాలల్ల పనికి పర్మిషన్ లేదు. ఎవరన్న పంపుతమంటే నమ్మకండి.

తర్వాత ఏజెంట్. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌ల రిజిస్టర్డ్ ఏజెంట్ల లిస్టు ఉంటది. అండ్ల పేరు ఉంటే సరిపోదు, లైసెన్స్ ఇంకా నడుస్తున్నదా, సస్పెండ్ అయ్యిందా చూడాలె. ఊర్లె తిరిగే సబ్ ఏజెంట్‌కు ఏ లైసెన్సూ ఉండదు. లైసెన్స్ ఉన్నోళ్లు కూడా తీసుకోవాల్సింది ఎక్కువల ఎక్కువ 30 వేలు, 18 శాతం జీఎస్టీతోని 35,400. ఆ పైసలు బ్యాంకు నుంచే పంపి, రసీదు తీసుకోండి. బయటి దేశాల పనులకు పంపే సర్కారు సంస్థలు కూడా ఉన్నయి: తెలంగాణల టామ్‌కామ్, ఆంధ్రల ఓంక్యాప్. ముందు అక్కడ అడిగి చూడండి.

ఇగ ఆఫర్ లెటర్. ఇక్కడ తొందర పడొద్దు. మా అన్న కొడుకు ఎలక్ట్రీషియన్. "జీతం 1,500 దిర్హాలు కాకా" అనుకుంట వచ్చిండు. కాయితం చూస్తే బేసిక్ 800, తిండికి 300. మిగతా 400 ఓవర్‌టైం దొరికితేనే. పని పేరు దగ్గర "హెల్పర్" అని ఉన్నది. దుబాయిల ఓవర్‌టైం లెక్క గట్టేది బేసిక్ మీదనే, గంటకు కనీసం 25 శాతం ఎక్కువ. పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదనే, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజులది. బేసిక్ తక్కువైతే అన్నీ తగ్గుతయి. అక్కడికి పోయినంక చేసే కాంట్రాక్ట్ ఈ ఆఫర్ లెటర్ ప్రకారమే ఉండాలె, అందుకే సంతకం పెట్టకముందే కొట్లాడాలె. ఆఫీసుకు నాలుగు సార్లు తిప్పిన పిలగాన్ని. "ఎలక్ట్రీషియన్, బేసిక్ 1,200" అని కాయితం మారినంకనే సంతకం పెట్టిండు.

వీసా వచ్చినంక రకం చూడండి. ఎంప్లాయ్‌మెంట్ అని ఉండాలె, కంపెనీ పేరు ఆఫర్ లెటర్‌ల ఉన్నట్టే ఉండాలె. ఆజాద్ వీసా అంటే మాత్రం దండం పెట్టి వాపస్ రండి. ఒక ఖఫీల్ (వీసా ఇచ్చే యజమాని) పేరు మీద పోయి ఇంకోని కాడ పని చేసుడు అది. దొరికితే జైలు, దొరకకుంటే ఖల్లివెల్లి బతుకు, అంటే సరైన కాయితాలు లేకుండ దాక్కొని బతుకుడు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకు పోనీకి భయం. అట్లా ఏండ్లకేండ్లు ఇల్లు చూడనోళ్లు నా క్యాంపులనే ఉండిరి.

పోయేనాడు పాస్‌పోర్ట్, వీసా, ఆఫర్ లెటర్, బీమా, పైసల రసీదు అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించిన. ఒకటి పిలగాని బ్యాగుల పెట్టిన. ఇంకోటి మా వదినె బీరువల పెట్టించిన. ఆ కవర్ మీద ప్రవాసీల హెల్ప్‌లైన్ 1800 11 3090 పెద్ద అక్షరాలతోని రాసిన.