పులియని ద్రాక్షారసం: మా ఇంట్లో మూడు తరాల పద్ధతి

మా క్రైస్తవ సంఘంలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన. ఆ బల్ల మీది ద్రాక్షారసం మా మామ్మ కాలం నుంచీ మా ఇంటి నుంచే వెళ్తోంది. మామ్మ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నేను. ఈ ఏడాది స్త్రీల సమాజంలో ఇద్దరు అమ్మాయిలు నేర్చుకుంటామన్నారు. వాళ్ళకు చెప్పినట్టే రాస్తున్నాను.

బైబిల్లో కానా ఊరి పెళ్ళిలో యేసు నీళ్ళను మార్చిందీ ద్రాక్షారసంగానే, మన బల్ల మీది చిన్న గిన్నెల్లో పోసేదీ ద్రాక్షారసమే. మాట ఒకటే గానీ సీసాలో రెండూ వేరు. పండు మీద బూడిద రాసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది చూడండి, అది మైనం. దాన్ని అంటుకుని ఈస్టు అనే సూక్ష్మజీవి ఉంటుంది. పండు చితికిందా, ఇక అది రసంలోని చక్కెరను తింటూ ఆల్కహాలునూ గ్యాసునూ పుట్టిస్తుంది. వైన్ చేసేవాళ్ళకు కావలసింది అదే. ఎర్ర వైన్‌కైతే తొక్కలతో సహా రోజుల తరబడి పులియనిస్తారు. మనకు అది కూడదు. విశాఖ ఎండలో, ఈ ఉక్కపోతలో, ఒక్క రోజు ఏమరితే చాలు, రసం పొంగడం మొదలెడుతుంది.

నల్ల ద్రాక్ష ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాగా దొరుకుతుంది. నేను పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్తాను. కాడ పచ్చగా ఉండాలి, గుత్తి పట్టుకుని విదిలిస్తే పళ్ళు రాలకూడదు. ఒక పండు నోట్లో వేసుకోకుండా బేరం ఆడకండి. తీపి చాలకపోతే తర్వాత పంచదారతో సరిచేద్దామనుకుంటారు, మా ఇంట్లో అది లేదు. పంచదార, రంగు, నీళ్ళు ఏదీ కలపం. తెచ్చిన రోజే పళ్ళు చిదిమి వడకట్టడం ముగించాలి.

5 కిలోలు తీసుకుంటే నాకు 3 లీటర్ల దాకా రసం వస్తుంది. గిన్నెకు 10 మిల్లీలీటర్ల చొప్పున 150 మందికి నెలకు లీటరున్నర. సీజన్‌లో ఆరు విడతలు చేస్తే ఏడాది గడుస్తుంది.

మచ్చపడ్డ పళ్ళు ఏరేసి, మూడు నీళ్ళలో కడిగి, కాడలు పూర్తిగా తీసేయండి. స్టీలు గిన్నెలోనే చేయండి. పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది. పళ్ళను చేత్తోనే చిదమాలి. మిక్సీలో వేస్తే గింజలు నలిగి రసం వగరెక్కిపోతుంది. చిదిమినప్పుడు రసం పాలిపోయినట్టు కనిపిస్తే కంగారుపడకండి, రంగంతా తొక్కలోనే ఉంది. సన్న సెగ మీద 65, 70 డిగ్రీల మధ్య పావుగంట ఉంచితే అది రసంలోకి దిగుతుంది. నా దగ్గర థర్మామీటరుంది. మామ్మ మాత్రం గిన్నె అంచున చిన్న బుడగలు లేవగానే సెగ తగ్గించేది. “మరిగిపోతే పండు వాసన పోతాదే” అనేది.

పల్చటి పంచె ముక్కలో వడకట్టి, దానంతట అదే దిగనివ్వండి. గట్టిగా పిండితే మడ్డి వస్తుంది. రసాన్ని రెండు రాత్రులు ఫ్రిజ్‌లో పెడితే అడుగున పంచదార పలుకుల్లాంటివి చేరతాయి. అవి ద్రాక్షలోని పులుపే, చెడ్డవి కావు. పైతేట మెల్లగా వంచుకోండి.

ఇక అసలు పని. ఉడికించిన గాజు సీసాల్లో రెండు వేళ్ళ ఖాళీ వదిలి పోసి, మూతలు వదులుగా పెట్టండి. పెద్ద గిన్నె అడుగున గుడ్డ పరిచి, సీసాలు నిలబెట్టి, మెడ దాకా నీళ్ళు పోసి, ఆ నీళ్ళు 85 డిగ్రీలకు వచ్చాక 25 నిమిషాలు ఉంచి, వేడి మీదే మూతలు బిగించండి. వేడి చేస్తే వైన్‌ను చెడగొట్టే సూక్ష్మజీవులు చస్తాయని 1860ల్లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చూపించాడు. అది పట్టుకుని 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, తన మెథడిస్టు సంఘపు బల్ల కోసమే, సీసాల్లోని ద్రాక్షరసాన్ని ఇలాగే వేడినీళ్ళలో ఉంచి పులియకుండా ఆపాడు. కొడుకు చార్లెస్ దాన్ని పెద్ద వ్యాపారం చేశాడు. మామ్మకు ఈ పేర్లేవీ తెలియవు. ఆవిడ కూడా బల్ల కోసమే చేసింది.

ఈ 25 నిమిషాల దగ్గర నేనొకసారి తప్పు చేశాను. మధ్యలో గ్యాసు అయిపోతే, చాల్లే అనుకుని మూతలు బిగించేశాను. మే నెల బల్ల రోజున, తాగుడు మానేసి పదకొండేళ్ళయిన ఒక బాబాయ్ గిన్నె పెదాల దాకా తెచ్చుకుని, వాసన చూసి, తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. ఆరాధనయ్యాక నా దగ్గరికొచ్చి “పులిసిందమ్మా” అని మెల్లగా చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆయన తాగడని నాకు తెలుసు, ఎందుకు తాగడో కూడా తెలుసు.

అప్పటి నుంచీ శనివారం సాయంత్రమే సీసా తెరుస్తాను. మూత తీయగానే బుస్సుమన్నా, చెంచాడు నోట్లో వేసుకుంటే నాలుక చురుక్కుమన్నా, రంగు ఎంత బాగున్నా సరే పారబోసి ఇంకోటి తెరుస్తాను. లెక్కకన్నా రెండు సీసాలు ఎక్కువే చేసి పెట్టుకోండి.