మైఎస్‌క్యూఎల్ రిపోర్టులో తేదీ, సమయం చదవడానికి వీలుగా రావాలంటే

మా పాల కేంద్రం లెక్కలన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. క్వెరీ (డేటా అడిగే ఆదేశం) కొడితే సమయం 2024-08-05 17:42:00 అని వస్తుంది. పాలు పోసిన రైతుకిచ్చే చీటీ మీద అలా ఉంటే కుదరదు. 05-08-2024 05:42 పీఎం అని ఉంటేనే ఆయన తన పుస్తకంతో సరిచూసుకోగలడు.

ఇందుకు డేట్_ఫార్మాట్ ఫంక్షన్ ఉంది. బ్రాకెట్లో ముందు కాలమ్ పేరు, కామా, ఆ తర్వాత కోట్స్ మధ్య నమూనా రాయాలి. నమూనాలో ప్రతి అక్షరం ముందూ % గుర్తు ఉండాలి. చిన్న డి అంటే రోజు, చిన్న ఎమ్ అంటే నెల అంకె, పెద్ద వై అంటే నాలుగంకెల సంవత్సరం. గంటలకు చిన్న హెచ్ పెడితే 12 గంటల లెక్క వస్తుంది. దాంతోపాటు చిన్న పి కూడా పెట్టి తీరాలి, లేకపోతే పొద్దుటి పాలేవో సాయంత్రం పాలేవో తెలియదు. పెద్ద హెచ్ అయితే 24 గంటల లెక్క, పి అక్కర్లేదు.

నిమిషాలకు చిన్న ఐ. ఇక్కడ చిన్న ఎమ్ పెడితే ఎర్రర్ రాదు, అందుకే ఇది ప్రమాదం. ఆగస్టు నెలంతా ప్రతి చీటీ మీదా నిమిషాలు 08 అనే పడతాయి. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్‌లలో ఇదే పని చేసే టూ_చార్ ఫంక్షన్ వాడేవాళ్లకూ ఇదే హెచ్చరిక: అక్కడ ఎమ్ఎమ్ నెల, ఎమ్ఐ నిమిషాలు.

వారం పేరు తెలుగులోనే తెప్పించుకోవచ్చు. ఎల్‌సీ_టైమ్_నేమ్స్ సెట్టింగుకు టీఈ_ఐఎన్ అని ఇచ్చి (టీఈ చిన్న అక్షరాలు, ఐఎన్ పెద్దవి), నమూనాలో పెద్ద డబ్ల్యూ పెడితే సోమవారం అని వస్తుంది. మా రైతులకు ఇది చాలా నచ్చింది.

ఒకటి గట్టిగా చెబుతాను: ఈ ఫార్మాటింగ్ సెలెక్ట్‌లోనే (క్వెరీలో ఏ కాలమ్‌లు కావాలో రాసే చోటే) ఉండాలి. ఫంక్షన్ తిరిగిచ్చేది తేదీ కాదు, ఉత్త అక్షరాలు. దాని మీద ఆర్డర్ బై (వరుసలో పేర్చే ఆదేశం) పెడితే 04-09-2024 వచ్చి 05-08-2024 కన్నా ముందు కూర్చుంటుంది. ఫార్మాట్ చేసిన దానికి అసలు కాలమ్ పేరే అలియాస్‌గా (మారుపేరుగా) ఇచ్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆర్డర్ బై ముందు అలియాస్‌నే చూస్తుంది. కాబట్టి చీటీ_తేదీ లాంటి వేరే పేరు పెట్టి, ఆర్డర్ బైలో అసలు కాలమ్ రాయండి.

వేర్‌లోనూ (ఏ వరుసలు కావాలో షరతు పెట్టే చోట కూడా) అసలు కాలమే వాడాలి. అక్కడ ఫంక్షన్ చుడితే ఆ కాలమ్ మీదున్న ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) పనిచేయదు. ఆగస్టు లెక్క కావాలంటే >= '2024-08-01', < '2024-09-01' అని రాయండి. <= '2024-08-31' అని రాస్తే అది 31వ తేదీ సున్నా గంటల దగ్గరే ఆగిపోతుంది, ఆ రోజు రెండు పూటలా పోసిన పాల డబ్బులు రైతుకు అందవు.