పల్లవి గుర్తులేకున్నా పాటను వెతకవచ్చు
నల్లగొండ బస్సులోనో, చెర్వుగట్టు జాతరలోనో విన్న పాటలో మాటలు మరచిపోయి బాణీ మాత్రమే నోట్లో ఆడుతుంటే, ఫోన్‌లో గూగుల్ యాప్ తెరిచి, మైకు గుర్తును నొక్కి, పాటను వెతికే మీటను ఎంచుకొని, 10 నుంచి 15 సెకన్ల పాటు ఆ బాణీని కూనిరాగం తీయండి. 2020 అక్టోబరులో వచ్చిన ఈ సౌకర్యం గొంతును, వాయిద్యాలను పక్కనపెట్టి స్వరాల ఎత్తుపల్లాల వరుసనే పోల్చి చూస్తుంది కనుక, శ్రుతి కొంత తప్పినా ఫరవాలేదు. అయితే చుట్టూ చప్పుడు లేకుండా చూసుకోవాలి. ఎంత శాతం సరిపోలిందో ఫలితాల పక్కనే కనిపిస్తుంది, కానీ మొదటిదానితో ఆగక కిందివాటినీ వినండి. మన బతుకమ్మ పాటల్లో బాణీ ఒకటే అయినా మాటలు ఊరూరికీ మారుతాయి కాబట్టి, యాప్ చూపే పాట మీ ఊరిది కాకపోవచ్చు. అలాంటివాటిని పాడే పెద్దమ్మల నోటనే రికార్డు చేసుకోవడం మేలు.