లాప్‌టాప్‌లో నడిచిన గ్రాఫిక్స్ డ్రైవర్ బోర్డు మీద ఎందుకు మొరాయిస్తుంది

తిరుపతి కాలేజీ ల్యాబుల్లో చిన్న డిస్‌ప్లే డ్రైవర్‌ను (తెరను, గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే ప్రోగ్రాంను) ప్రాజెక్టుగా ఎత్తుకునేవాళ్ళ బల్ల మీద సాధారణంగా ఉండేవి రెండే: ఒక ఇంటెల్ లాప్‌టాప్, ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు. కోడ్ ముందు లాప్‌టాప్‌లో నడుస్తుంది. చిక్కు అక్కడే. లాప్‌టాప్‌లోని ఎక్స్86 ప్రాసెసర్ చాలా తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది, బోర్డులోని ఆర్మ్ ప్రాసెసర్ వదలదు. అందుకే సైజు, వరస, మధ్యలో ఖాళీ, వీటి గురించి మనసులో అనుకున్నదంతా సీ కోడ్‌లోనే రాసిపెట్టాలి.

మొదట లాంగ్ అనే టైపును డ్రైవర్‌లోంచి తీసేయండి. 64 బిట్ లైనక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4. పాయింటర్‌ను లాంగ్‌లో దాచే కోడ్ విండోస్‌కు వెళ్ళగానే సగం అడ్రసు పోగొట్టుకుంటుంది. రిజిస్టర్లకు యూఇంట్32_టి, జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) అడ్రసులకు యూఇంట్64_టి, పాయింటర్‌ను అంకెగా మార్చక తప్పకపోతే యూఇంట్‌పీటీఆర్_టి వాడండి. ఉత్త చార్‌లో అంకెలు పెట్టొద్దు. ఎక్స్86లో దానికి మైనస్ విలువలుంటాయి, ఆర్మ్ లైనక్స్‌లో ఉండవు. మైనస్ 1 వస్తే ఆగమని చార్ మీద రాసిన లూప్ రాస్ప్‌బెర్రీ పై మీద ఎప్పటికీ ఆగదు.

తర్వాత స్ట్రక్చర్లు, అంటే కొన్ని ఫీల్డులు కలిపి కట్టిన మూటలు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. యాప్ నుంచి కెర్నెల్‌కు (ఓఎస్ గుండెకాయకు) ఐఓసీటీఎల్ అనే పిలుపులో వెళ్ళే స్ట్రక్చర్‌లో 32 బిట్ల హ్యాండిల్ (గుర్తు నంబరు), దాని కింద 64 బిట్ల ఆఫ్‌సెట్ (ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) ఉన్నాయనుకోండి. 32 బిట్ ఎక్స్86 లైనక్స్‌లో దాని సైజు 12 బైట్లు, 64 బిట్‌లో 16. దామలచెరువు మండీలో బేనీషా మామిడి పెట్టెల సందుల్లో గడ్డి కుక్కినట్టు, కంపైలర్ మధ్యలో 4 బైట్లు కుక్కుతుంది. ఎంత కుక్కాలన్నది ఒక్కో ప్లాట్‌ఫారానికి ఒక్కో లెక్క. 32 బిట్ యాప్ ఆఫ్‌సెట్‌ను 4వ బైటు దగ్గర పెడుతుంది, 64 బిట్ కెర్నెల్ 8వ బైటు నుంచి చదువుతుంది. వచ్చేది చెత్త.

గడ్డి మీరే పెట్టండి. హ్యాండిల్ తర్వాత ప్యాడ్ అని 32 బిట్ల ఫీల్డు రాసి, యాప్ అందులో సున్నా పెట్టాలని, సున్నా కాకపోతే కెర్నెల్ తిప్పికొట్టాలని నియమం పెట్టుకోండి. రేపు ఆ ఫీల్డు వేరే పనికొస్తుంది. కింద స్టాటిక్ అసర్ట్‌తో సైజు 16, ఆఫ్‌సెట్ స్థానం 8 అని బిగించండి. తేడా వస్తే కంపైల్ కాదు, అంతే. ఈ స్ట్రక్చర్లో పాయింటర్ పంపాలంటే 64 బిట్ల అంకెగానే పంపాలి.

రిజిస్టర్లకు బిట్‌ఫీల్డులు (స్ట్రక్చర్లో ఒక్కో ఫీల్డుకు కొన్ని బిట్లే ఇవ్వడం) వద్దు. వాటి వరస కంపైలర్ ఇష్టం. షిఫ్ట్, మాస్క్ చాలు. 31వ బిట్‌కు ఉత్త 1 కాకుండా 1యూని (మైనస్ లేని టైపు 1ని) షిఫ్ట్ చేయండి.

తెర మీద బొమ్మ ఏటవాలుగా పడుకుంటే స్ట్రైడ్ (ఒక వరస మొదలు నుంచి తర్వాతి వరస మొదలుకు ఎన్ని బైట్లో) చూడండి. 1366 పిక్సెళ్ళ తెరలో పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన వరసకు 5464 బైట్లు. హార్డ్‌వేర్ 64 బైట్ల గుణిజాలే అడిగితే అది 5504 అవుతుంది. మీ కోడ్ వెడల్పును 4తో గుణించి తర్వాతి వరసకు దూకితే ప్రతి వరసా 40 బైట్లు, అంటే 10 పిక్సెళ్ళు జరుగుతుంది. 1920 తెర మీద ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే 7680 అప్పటికే 64తో భాగమవుతుంది. డ్రైవర్ చెప్పిన పిచ్‌నే (స్ట్రైడ్‌కు ఇంకో పేరు) వాడండి, వెడల్పు నుంచి లెక్క కట్టొద్దు.

రంగుల వరస ఇంకో తిరకాసు. లైనక్స్ గ్రాఫిక్స్ విభాగమైన డీఆర్ఎంలో ఎక్స్ఆర్‌జీబీ8888 అన్న పేరు లిటిల్ ఎండియన్ (చివరి బైటు మెమరీలో ముందుండే) 32 బిట్ల అంకెకు పెట్టింది. మెమరీలో మొదటి బైటు నీలం. పరీక్షకు తెలుపు, బూడిద రంగుల బొమ్మ పెడితే తప్పు కనబడదు. తిరునామం బొమ్మ పెట్టి చూడండి. తెల్లగీతలు తెల్లగానే ఉండి మధ్య ఎర్రగీత నీలమైతే మీరు వరస తిప్పారన్నమాట.

అన్నిటికన్నా మొండిది రాతల వరస. సీపీయూ రింగ్ బఫర్‌లో (జీపీయూ చదివే కమాండ్ల వరసలో) కమాండ్ రాసి, తర్వాత జీపీయూను పిలిచే డోర్‌బెల్ రిజిస్టర్ కొడుతుంది. మామూలు మెమరీ రాతల్ని ఎక్స్86 రాసిన వరసలోనే బయటికి చూపిస్తుంది. ఆర్మ్‌కు ఆ పట్టింపు లేదు. అలిపిరిలో ఇచ్చిన సామాను ఇంకా పైకి రాకముందే కొండమీద కౌంటర్లో రసీదు చూపించినట్టు, జీపీయూ బెల్ విని వచ్చేసరికి కమాండ్ ఉండదు. సీలోని వోలటైల్ అనే గుర్తు దీనికి మందు కాదు, అది కంపైలర్‌కే చెబుతుంది. కెర్నెల్‌లో రిజిస్టర్లో రాసే రైట్‌ఎల్ వాడితే బ్యారియర్ (ముందు రాతల్ని దాటి తర్వాతివి వెళ్ళకుండా ఆపే అడ్డు) అందులోనే ఉంది. రైట్‌ఎల్_రిలాక్స్‌డ్ వాడితే ముందు డబ్ల్యూఎంబీ అనే బ్యారియర్ మీరే పెట్టాలి. బఫర్‌ను రైట్ కంబైనింగ్‌గా (రాతల్ని కూడబెట్టి ఒకేసారి పంపేలా) మ్యాప్ చేస్తే ఎక్స్86లోనూ వరస హామీ పోతుంది. ప్రింట్ లైను పెట్టగానే మాయమయ్యే హ్యాంగ్ ఎదురైతే ముందు దీన్నే అనుమానించండి.

పేజీ (ఓఎస్ మెమరీని పంచే ముక్క) సైజు 4096 అని ఎక్కడా రాయకండి. రాస్ప్‌బెర్రీ పై 4లో అది నిజమే, పై 5 వాళ్ళ మామూలు కెర్నెల్‌లో మాత్రం 16384. 4096 లెక్కతో ఇచ్చిన ఆఫ్‌సెట్ 16384 గుణిజం కాకపోతే మెమరీని మ్యాప్ చేసే ఎంమ్యాప్ పిలుపు ఒప్పుకోదు. సైజు ఎంతో సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ను అడగండి. జీపీయూ పేజీ సైజు వేరే సంగతి, దానికి వేరే పేరు పెట్టుకోండి.

ఓఎస్‌ను ముట్టుకునే పనులు పదికి మించవు: మ్యాపింగ్, లాక్, టైమర్, లాగ్, ఇలాంటివి. వాటిని ఒక ఫంక్షన్ పాయింటర్ల పట్టికలో పెట్టి, ఓఎస్‌కు ఒక ఫైలు రాయండి. హార్డ్‌వేర్ ఫైళ్ళలో ఇఫ్‌డెఫ్ (ఓఎస్‌ను బట్టి కోడ్ మార్చే షరతు) ఒక్కటి కూడా ఉండకూడదు. వాయిడ్ పాయింటర్‌కు అంకె కలపడం జీసీసీ కంపైలర్ సొంత అలవాటు, మైక్రోసాఫ్ట్ కంపైలర్ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. పెడాంటిక్ హెచ్చరికలు మొదటిరోజు నుంచే పెట్టుకుంటే మేలు.

బోర్డు చేతికి రాకముందే లాప్‌టాప్‌లో చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఎం32తో (32 బిట్‌కు) ఒకసారి, ఎఫ్అన్‌సైన్డ్‌చార్‌తో (చార్‌కు మైనస్ లేకుండా) ఇంకోసారి బిల్డ్ చేయండి. యూజర్ వైపు కోడ్‌ను తప్పులు పట్టే యూబీసాన్‌తో నడిపితే అలైన్‌మెంట్ తప్పులు, షిఫ్ట్ తప్పులు లైను నంబరుతో సహా దొరుకుతాయి. కమాండ్ ప్యాకింగ్ పరీక్షల్ని క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఎస్390ఎక్స్ ప్రాసెసర్ మీద నడపండి. అది బిగ్ ఎండియన్ (బైట్ల వరస లిటిల్ ఎండియన్‌కు తలకిందులు) కాబట్టి బైట్ల వరస తప్పు మొదటి పరీక్షలోనే పట్టుబడుతుంది. బ్యారియర్ తప్పులు మాత్రం వీటికి దొరకవు. వాటికి నిజమైన ఆర్మ్ బోర్డు మీద రాత్రంతా లోడ్ పెట్టి వదలాల్సిందే.