తలకోనకు పిట్టల కోసం వెళ్తున్నారా?

– ఎండెక్కకముందే అడవిలో ఉండాలి. చెక్‌పోస్టు ఎప్పుడు తెరుస్తారో ముందురోజే కనుక్కోండి.

– పసుపుగొంతు పికిలిపిట్టను రాళ్లగుట్టల మీది పొదల్లో వెతకండి. జలపాతం దగ్గర జనంలో నిలబడితే కనబడదు.

– ఫోన్‌లో కూత వినిపించి పిలవొద్దు. గూడు కట్టే కాలంలో అది తన చోటుకి ఇంకో పిట్ట వచ్చిందనుకుంటుంది, గుడ్లొదిలి పోట్లాటకొస్తుంది. గూటి ఫొటో అసలే వద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా.

– చెట్లకింద వెలుతురు తక్కువ. కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురును పట్టే సెట్టింగు) 3200 దాకా పెంచండి; బొమ్మ గరుకుగా వచ్చినా మసక కంటే నయం.

– అదనపు బ్యాటరీ, తుంపరకు ప్లాస్టిక్ కవరు.

– తినేవి సంచిలోనే. కోతులకు జిప్పు తీయడమూ వచ్చు!

– తలకోన ఉన్న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగల మీద నిఘా గట్టిది. అనుమతి లేకుండా దారి వదిలి లోపలికెళ్తే, పిట్టల కోసమన్నా నమ్మరు.