పచ్చి కట్టె కాంటాలో పోయే డబ్బు: నా అనుభవం

కట్టెల వ్యాపారంలో లాభం ఎక్కువగా పోయేది కాంటా మీదే. పచ్చి మొద్దులో 45 శాతం నీరుంటే, 20 శాతానికి ఆరేసరికి టన్ను కాస్తా 690 కిలోలకు దిగుతుంది. అంటే టన్ను 3,000కు కొన్నది, ఆరిన కట్టె లెక్కలో టన్నుకు 4,360 దాకా పడ్డట్టు. బేరం ఈ లెక్క మీదే ఆడాలి.

నల్లగొండ వైపు చవగ్గా దొరికేవి సర్కారు తుమ్మ, ముసలి బత్తాయి తోటలు తీసేసినప్పటి మొద్దులు. బత్తాయి వేరుగడ్డ మాత్రం వద్దు. మట్టికీ రాళ్లకీ కూడా డబ్బు కట్టాలి, పైగా రంపం పళ్లు పోతాయి. గట్టు మీది వేప అయితే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి కాగితం చూశాకే ట్రాక్టర్‌కు ఎత్తించాలి.

నాలుగంగుళాల మందం దాటిన మొద్దును పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. ఎండిన సర్కారు తుమ్మ మీద గొడ్డలి ఎగిరిపడుతుంది, కూలీలు తిట్టుకుంటారు. పేర్చేటప్పుడు కింద రాళ్లు పెట్టి అర అడుగు ఎత్తు లేపి, కోసిన ముఖాలు గాలివైపు ఉంచాలి. టార్పాలిన్ పైభాగానికి చాలు. నేల దాకా దించితే చెమ్మ నిలిచి బూజు పడుతుంది. ఒక ముక్కకు సున్నంతో గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగాకే హోటల్‌కు పంపాలి. బెరడు కింద సన్నపిండి రాలుతుంటే పురుగు పట్టినట్టే, ఆ వరస ముందు అమ్మేయండి.