సింగిల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్స్: దరఖాస్తు విధానం

గురి చూసి కొట్టడం నేర్చుకోవాలన్న సరదాతో లైసెన్స్ గురించి ఆరా తీసేవాళ్లలో చాలామంది నేరుగా పిస్టల్ దగ్గరే మొదలుపెడతారు. నేర్చుకోవడానికైతే నా సలహా వేరు. 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) సింగిల్ బ్యారెల్‌కు పెట్టుకోండి. కాగితాల మీద దీన్ని ఎస్‌బీబీఎల్ (సింగిల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్, అంటే వెనకనుంచి తూటా పెట్టే ఒంటిగొట్టం తుపాకీ) అని రాస్తారు. మీట నొక్కితే గొట్టం ముందుకు వంగుతుంది. ఒక్క తూటా పెట్టి మూసి, హ్యామర్ వెనక్కి లాగి పేల్చాలి. ఇంకోసారి పేల్చాలంటే మళ్లీ తెరవాల్సిందే. తెరిచి వెనకనుంచి చూస్తే, తూటా లేనప్పుడు గొట్టం అవతలి వెలుతురు కనిపిస్తుంది. లోపల ఏదైనా ఉండిపోయిందేమో అన్న టెన్షన్ ఉండదు. ఉన్నది ఒక్క తూటాయే కాబట్టి తొందరపాటు తగ్గుతుంది, తప్పిన గురి ఎందుకు తప్పిందో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనూ ఒక్కో పెల్లెట్ పెట్టి కొట్టడమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం అలా గెలిచినవే.

చట్టం కూడా ఈ రకం తుపాకీని వేరుగా చూస్తుంది. ఆయుధాల చట్టం, 1959లోని 13వ సెక్షన్ ప్రకారం, గొట్టం 20 అంగుళాలకు తగ్గకుండా, లోపల గాళ్లు లేకుండా నున్నగా ఉండే తుపాకీని ఆత్మరక్షణకో క్రీడకో అడిగితే, తిరస్కరించడానికి చట్టంలో చెప్పిన కారణాలు లేనప్పుడు లైసెన్స్ ఇవ్వాలి. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యులు గురి సాధన కోసం అడిగే .22 రైఫిల్‌కూ ఇదే వర్తిస్తుంది. పిస్టల్‌కైతే మీ అవసరం సరైనదేనని అధికారిని ఒప్పించాలి. ఆస్తి తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆస్తిపాస్తులు ఉన్నవాళ్లకే లైసెన్స్ ఇస్తారనుకుని వెనక్కి తగ్గేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. ఆయుధ లైసెన్సుల కోసం ప్రభుత్వం నడిపే ఎన్‌డాల్–అలిస్ పోర్టల్‌లో ఫారం ఎ–1 నింపాలి. లైసెన్స్ ఇచ్చేది జిల్లాల్లో కలెక్టర్, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్. ఆయుధం రకం అడిగిన చోట ఎస్‌బీబీఎల్, 12 బోర్ అని రాయండి. నేర్చుకోవడానికే అయితే కారణం దగ్గర క్రీడ, గురి సాధన అని ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రాణభయం ఉందని రాస్తే దానికి ఆధారం అడుగుతారు, ఊరికే రాసిన మాట ఎంక్వైరీలో నిలబడదు. వేట ఉద్దేశం అసలే వద్దు. వేటకు అడ్డుకట్ట వేసే వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. పాత కేసులేమైనా ఉంటే దాచకండి.

ఫొటోలు, పుట్టినతేదీ రుజువు, ఆధార్, చిరునామా రుజువు మామూలే. అసలు ఆలస్యమయ్యేది రెండు కాగితాల దగ్గర. ఒకటి శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టర్ ఇచ్చే ఫారం ఎస్–3. రెండోది భద్రతా శిక్షణ పూర్తిచేసినట్టు ఇచ్చే ఎస్–1. తుపాకీ పట్టుకోవడం, మోసుకెళ్లడం, పేల్చడం, భద్రపరచడం అన్నీ ఈ శిక్షణలో నేర్పుతారు. సర్టిఫికెట్ కోసమే కదా అని తూతూమంత్రంగా కానివ్వకండి. దగ్గర్లో రైఫిల్ క్లబ్ ఉంటే ముందుగా అక్కడే అడగండి.

తర్వాత స్టేషన్‌కు ఫైల్ వెళ్తుంది. పోలీసులు ఇంటికొచ్చి ఇరుగుపొరుగుని అడుగుతారు, మీ మీద కేసులున్నాయేమో చూస్తారు. తుపాకీ ఎక్కడ పెడతారన్నదీ అడగవచ్చు. గోడకు బిగించిన తాళం బీరువా చూపించగలిగితే మంచిది. తాళంచెవి పిల్లలకు అందకూడదు, తూటాలు వేరేచోట ఉండాలి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

లైసెన్స్ చేతికొచ్చాకే, అందులో రాసిన గడువులోగా లైసెన్సున్న డీలర్ దగ్గర కొనాలి. కొన్న తుపాకీ నంబరు లైసెన్స్‌లో ఎక్కించుకోవాలి. తూటాలు అందులో రాసిన సంఖ్యకు మించకూడదు. నాటు తుపాకీ చవగ్గా వస్తుందని ఎవరైనా చెప్తే అటు చూడకండి. లైసెన్స్ లేని తుపాకీ దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇంత తతంగం లేకుండా చేతికి అలవాటు కావాలనుకుంటే, 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దుకాణంలో గుర్తింపు, చిరునామా నకళ్లు ఇస్తే చాలు. లైసెన్స్ ఫైల్ కదిలేలోగా దీంతోనే సాధన చేయడం నాకు బాగా నచ్చిన పద్ధతి.

లైసెన్స్ 5 ఏళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కు రెండు నెలల ముందే పెట్టుకోండి. ఎన్నికలప్పుడు తుపాకీ డిపాజిట్ చేయమంటే స్టేషన్‌లో ఇచ్చి, నంబరు రాయించుకున్న రసీదు తీసుకోండి.